తలకు దెబ్బ: ఆటకు ముందో పరీక్ష, ఆట తర్వాతో పరీక్ష.. మధ్యలో పిల్లల మాట

2013 మే నెల. కెనడా రాజధాని ఒట్టావా. పదిహేడేళ్ల రోవన్ స్ట్రింగర్ తన హైస్కూల్ రగ్బీ జట్టుకు కెప్టెన్. ఆరు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది. మొదటి రెండింటిలోనూ తలకు దెబ్బ తగిలింది. తలనొప్పి వదల్లేదు. ఇది కంకషనేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. స్నేహితులకు మెసేజ్‌లు పెట్టింది, ఇంటర్నెట్‌లో వెతికింది. ఆ అనుమానం మాత్రం పెద్దల దాకా రాలేదు. మూడో మ్యాచ్‌లో ప్రత్యర్థి పట్టి పడేసినప్పుడు మళ్లీ తల నేలకు తగిలింది. ఈసారి స్పృహ కోల్పోయింది. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో కన్నుమూసింది.

మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే మరో దెబ్బ తగిలితే కొన్నిసార్లు మెదడు ఒక్కసారిగా ఉబ్బిపోతుంది. దీన్ని వైద్యులు ‘సెకండ్ ఇంపాక్ట్ సిండ్రోమ్’ అంటారు. చాలా అరుదు. కానీ ఇప్పటిదాకా నమోదైన కేసుల్లో ఎక్కువ మంది టీనేజర్లు, యువకులే. రోవన్ మరణంపై 2015లో అధికారిక విచారణ జరిగింది. 2018లో ఒంటారియో రాష్ట్రం ‘రోవన్ చట్టం’ చేసింది.

ఈ కథలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, పిల్లల మెదడు దెబ్బతిన్నదని, తిరిగి కోలుకున్నదని కొలిచి చెప్పగలమా? అమెరికా, కెనడాల్లో నాలుగు దశాబ్దాలుగా దీనిమీద పెద్ద కసరత్తే జరుగుతోంది. రెండోది, కొలిచే సాధనం ఉన్నంత మాత్రాన రోవన్ లాంటి అమ్మాయి మైదానం బయటికి వచ్చేదా? దీనికి జవాబు అంత సులువు కాదు.

స్కాన్ బాగానే ఉంటుంది

తలకు గట్టిగా ఏదైనా తగిలితే మనవాళ్లు ‘దిమ్మ తిరిగింది’ అంటారు. కంకషన్‌కు ఇంతకంటే దగ్గరి తెలుగు మాట దొరకదు. పుర్రె లోపల మెదడు మెత్తగా, ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా కదిలినా, మెలి తిరిగినా ఆ కుదుపుకు నాడీకణాలు సాగుతాయి. కణాల లోపలా బయటా ఉండాల్సిన పొటాషియం, కాల్షియం లవణాలు అటూఇటూ అవుతాయి. వాటిని మళ్లీ సర్దుకోవడానికి కణాలకు శక్తి ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసారం తగ్గుతుంది. అవసరం ఎక్కువ, సరఫరా తక్కువ. ఆ లోటు పూడేదాకా మనిషి మందకొడిగా, మసకమసకగా ఉంటాడు.

ఇదంతా రసాయనాల స్థాయిలో జరిగేది కాబట్టి మామూలు సీటీ స్కాన్‌లో కనిపించదు. స్కాన్ తీసేది లోపల రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని చూడటానికి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక రక్తపరీక్షకు అనుమతి ఇచ్చినప్పుడు ‘కంకషన్‌కు రక్తపరీక్ష’ అని వార్తలొచ్చాయి. నిజానికి అది పెద్దలకు సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చడానికే. కంకషన్ ఉందో లేదో అది చెప్పదు. ‘స్కాన్ నార్మల్ వచ్చింది, ఇక భయం లేదు’ అని ఇంటికి తీసుకెళ్లిన పిల్లాడికి కంకషన్ ఉండొచ్చు. స్పృహ తప్పలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం కూడా అంతే. కంకషన్ అయినవారిలో ఎక్కువ మంది స్పృహ కోల్పోరు.

ఇక మిగిలింది మనిషినే పరీక్షించడం. ఏం గుర్తుంది, ఎంత వేగంగా స్పందిస్తున్నాడు, ఒంటికాలిపై నిలబడగలడా, తలనొప్పి ఎంత.. ఇలా. కానీ దేనితో పోల్చాలి? ఒకరికి రోజూ తలనొప్పే. మరొకరికి పది మాటలు చెబితే ఎప్పుడూ ఆరే గుర్తుంటాయి. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా మరొకరికి పట్టదు.

వర్జీనియాలో పుట్టిన ఉపాయం

1980ల్లో వర్జీనియా యూనివర్సిటీ న్యూరోసైకాలజిస్ట్ జెఫ్రీ బార్త్‌కు ఈ చిక్కే ఎదురైంది. తలకు చిన్నపాటి దెబ్బలతో ఆసుపత్రికి వచ్చినవారిలో జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గినట్టు పరీక్షల్లో తేలుతోంది. అయితే ఆ ప్రమాదానికి ముందు వాళ్లెలా ఉండేవారో ఎవరికీ తెలియదు. రేపు ఎవరికి యాక్సిడెంట్ అవుతుందో ముందే తెలుసుకుని పరీక్ష పెట్టలేం కదా! కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకైతే పెట్టొచ్చు. సీజన్ ముగిసేలోగా వారిలో కొందరి తలకు దెబ్బ తగలడం దాదాపు ఖాయం. పది యూనివర్సిటీల్లో రెండు వేలకు పైగా ఆటగాళ్లకు బార్త్ బృందం సీజన్‌కు ముందే పరీక్షలు చేసింది. దెబ్బ తగిలినవారికి మళ్లీ చేసింది. స్కోర్లు పడిపోవడం, సాధారణంగా 5 నుంచి 10 రోజుల్లో తిరిగి లేవడం కళ్లముందు కనిపించింది.

ఆటగాడి సొంత స్కోరే అతనికి కొలబద్ద. దీన్నే ‘బేస్‌లైన్’ అంటున్నారు. 1990ల్లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆటగాళ్లకు మార్క్ లోవెల్, జోసెఫ్ మరూన్ ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టారు. అక్కడి నుంచే ‘ఇంపాక్ట్’ అనే కంప్యూటర్ పరీక్ష వచ్చింది. దాదాపు 25 నిమిషాలు తెరమీద మాటలు, ఆకారాలు, రంగులు చూసి గుర్తుపెట్టుకోవాలి, మీటలు నొక్కాలి. ల్యాబ్‌లో ఒకేసారి ఎంతోమంది చేత చేయించొచ్చు కాబట్టి అమెరికా హైస్కూళ్లలోకి వేగంగా వెళ్లింది. 2016లో ఎఫ్‌డీఏ ఆమోదమూ దొరికింది.

ఇరవై రెండు ప్రశ్నలు

కంప్యూటర్ లేని చోట కాగితం ఉంది. క్రీడల్లో కంకషన్‌పై అంతర్జాతీయ నిపుణుల బృందం తయారుచేసిన పత్రం పేరు ‘స్కాట్’. 2004 నుంచి మార్పులతో వస్తోంది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ సదస్సు తర్వాత 2023లో ఆరో రూపం వెలువడింది. 13 ఏళ్లు, అంతకు పైబడినవారికి ఇది. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వేరే పత్రం ఉంది. వైద్య శిక్షణ ఉన్నవారే దీన్ని వాడాలి. ఉచితం.

ఇందులో మొదట చూసేది లక్షణాలు. మొత్తం 22. తలనొప్పి, తలలో ఒత్తిడి, మెడనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, కళ్లు తిరగడం, చూపు మసకబారడం, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం.. ఇలా సాగుతుంది జాబితా. ‘పొగమంచులో ఉన్నట్టుంది’, ‘ఏదో తేడాగా ఉంది’ అనేవి కూడా అందులో ఉన్నాయి. వినడానికి అశాస్త్రీయంగా ఉన్నా పిల్లలు తరచూ చెప్పే మాటలవే. ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు దాకా మార్కు వేసుకోవాలి. గరిష్ఠంగా 132.

ఆ తర్వాత పది మాటలు చదివి వినిపిస్తారు. మూడుసార్లు చెప్పించుకుంటారు. కనీసం అయిదు నిమిషాలు ఆగి మళ్లీ అడుగుతారు. ఈలోగా అంకెలు వెనక నుంచి చెప్పాలి, డిసెంబర్ నుంచి జనవరి దాకా నెలలు తిరగేసి చెప్పాలి. రెండు కాళ్లమీద, ఒంటికాలిమీద, ఒక పాదం వెనుక మరో పాదం ఆనించి, ఇలా మూడు రకాలుగా కళ్లు మూసుకుని 20 సెకన్ల చొప్పున నిలబడాలి.

ముందు కొలత ఎందుకో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. పరీక్షల ఒత్తిడిలో, సరైన నిద్ర లేకుండా ఉన్న పదో తరగతి అమ్మాయికి దెబ్బేమీ తగలకుండానే లక్షణాల స్కోరు 14 వచ్చిందనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా అలసట, చిరాకు, నిద్రమత్తు ఉండటం మామూలే. మ్యాచ్‌లో ఢీకొన్న మర్నాడు ఆమె స్కోరు 40. వారం తర్వాత 15. ముందు కొలత లేకపోతే ఆ 15 చూసి ఇంకా కోలుకోలేదని ఆమెను నెలల తరబడి కూర్చోబెట్టే వీలుంది. ఉంది కాబట్టి, ఆమె తన మామూలు స్థితికి వచ్చిందని వైద్యుడికి అర్థమవుతుంది. ఎప్పుడూ సున్నా ఉండే పిల్లాడికి అదే 15 వస్తే కథ వేరు.

స్కాట్ ఎక్కువగా పనికొచ్చేది దెబ్బ తగిలిన మొదటి 72 గంటల్లో. వారం దాటాక దాని చూపు మందగిస్తుంది. ఆ తర్వాత క్లినిక్‌లో వైద్యులు వాడే పత్రం మరొకటి ఉంది.

కొలబద్దనే వంచితే?

ఈ పద్ధతికి పెద్ద బలహీనత దాని పునాదిలోనే ఉంది. ముందు కొలత ఇచ్చేదీ ఆటగాడే, తర్వాతి కొలత ఇచ్చేదీ ఆటగాడే. అతనికేమో ఆడాలని ఉంటుంది.

సీజన్‌కు ముందు కావాలనే పరీక్ష చెడగొడితే? దెబ్బ తగిలాక వచ్చిన స్కోరు కూడా దానితో సమానంగా కనిపిస్తుంది, ఆట ఆగదు. 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ పేటన్ మానింగ్ తానూ ఇలా చేస్తానన్నట్టు మాట్లాడి దుమారం రేపారు. తర్వాత అది సరదాకు అన్నదన్నారు. పిల్లలు సరదాగా తీసుకున్నారో లేదో తెలియదు గానీ, ఈ మోసం ఎంత సులువో 2012లో ఒక అధ్యయనం చూసింది. ఇంపాక్ట్ పరీక్ష అంతకుముందు రాసిన 75 మంది కాలేజీ ఆటగాళ్లను పిలిచి, దొరక్కుండా తక్కువ స్కోరు తెచ్చుకోండని చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లోని హెచ్చరికలకు చిక్కకుండా గట్టెక్కినవారు 11 శాతం. మిగతావారు దొరికిపోయారు. పర్వాలేదనిపించే అంకె. కానీ వందమంది పిల్లలున్న స్కూల్లో పదకొండు మంది అంటే ఒక క్రికెట్ జట్టు.

మోసం లేకున్నా కొలత తప్పొచ్చు. ల్యాబ్‌లో గుంపుగా కూర్చోబెట్టి పరీక్ష పెడితే, ఒక్కొక్కరికీ విడిగా పెట్టినప్పటికంటే స్కోర్లు తగ్గినట్టు హైస్కూల్ ఆటగాళ్లపై 2011 అధ్యయనంలో తేలింది. ముందురోజు ఏడు గంటల కంటే తక్కువ నిద్రపోయినవారి స్కోర్లూ తగ్గాయి, లక్షణాలు పెరిగాయి. పదమూడేళ్ల మెదడు ఏడాదిలోనే మారిపోతుంది. అందుకే పాత బేస్‌లైన్‌ను కొత్త దెబ్బకు వాడొద్దని, ఏటా కొన్ని భాగాలైనా మళ్లీ చేయాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచిస్తోంది.

భాష సంగతీ ఉంది. డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల పిల్లలు స్కూల్ జట్ల కోసం ఈ పరీక్షలు రాస్తున్నారు. అక్కడే పుట్టి పెరిగినవారికి ఇబ్బంది లేదు. నిరుడు గుంటూరు నుంచి వెళ్లి ఎనిమిదో తరగతిలో చేరిన పిల్లాడి పరిస్థితి వేరు. స్కాట్‌లోని ఒక మాటల జాబితాలో ‘సాడిల్’, ‘యాంకర్’ ఉన్నాయి. గుర్రం జీను, ఓడ లంగరు. ఎప్పుడూ వాడని మాటను గుర్తుపెట్టుకోవడం కష్టం. ఆ తడబాటు అతని బేస్‌లైన్‌లోకి ఎక్కుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంగ్లిష్ మెరుగుపడితే దెబ్బ తగిలాక కూడా పాత స్కోరు రావొచ్చు. అందుకే పిల్లాడు ఏ భాషలో బాగా ఆలోచిస్తాడో ఆ భాషలో, రెండుసార్లూ ఒకే భాషలో పరీక్ష చేయించమని తల్లిదండ్రులు అడగడం మంచిది.

పాసైనా సరిపోదు

2019 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. అప్పటికి 80 పరుగులు. మైదానం వీడాడు. పరీక్షలన్నీ పాసయ్యాడు, మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేశాడు, 92కి ఔటయ్యాడు. మర్నాడు ఉదయం లేచేసరికి లక్షణాలు బయటపడ్డాయి. అతని బదులు దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్‌లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు. పక్కనే డాక్టర్, చేతిలో పాత స్కోర్లు, ప్రపంచస్థాయి జట్టు. అయినా మొదటి గంటలో పరీక్ష పట్టుకోలేకపోయింది. లక్షణాలు ఆలస్యంగా రావడం కంకషన్‌కు మామూలే.

(మనకు ఈ మాట ఎక్కువగా గుర్తొచ్చేది వేరే కారణంతో. 2020లో కాన్‌బెర్రాలో జడేజా బదులు చాహల్, 2025 జనవరిలో పుణెలో శివమ్ దూబె బదులు హర్షిత్ రాణా వచ్చి మ్యాచ్‌లు తిప్పేశారు. రెండుసార్లూ గొడవంతా ఆ స్థానంలో ఆ ఆటగాడు రావొచ్చా అన్నదే. దెబ్బ తగిలిన తల ఎలా ఉందన్నది చర్చలో వెనక వరసకు పోయింది.)

అందుకే అమెరికాలో చట్టాలు స్కోర్ల జోలికి పెద్దగా పోలేదు. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ల జాకరీ లిస్టెడ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలినా కాసేపటికే మళ్లీ ఆటలోకి దిగాడు. మ్యాచ్ అయ్యాక కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గానీ, మళ్లీ మాట, నడక నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చేసిన చట్టంలో మూడే ముఖ్యాంశాలు. పిల్లలు, తల్లిదండ్రులు ఏటా సమాచారపత్రం చదివి సంతకం చేయాలి. అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆట నుంచి తప్పించాలి. అర్హత ఉన్న వైద్య నిపుణుడు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా తిరిగి దించకూడదు. 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో ఇలాంటి చట్టం చేసుకున్నాయి. వైద్యుడికి బేస్‌లైన్ సాయపడుతుంది తప్ప అది లేకపోతే చికిత్స ఆగదని, తప్పనిసరి కాదని అంతర్జాతీయ నిపుణుల మాట కూడా.

అనుమానం దగ్గరే ఎందుకు ఆపాలో చెప్పే లెక్క ఒకటుంది. 2016లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో కంకషన్ అయిన 69 మంది యువ ఆటగాళ్లను పోల్చారు. దెబ్బ తగిలిన వెంటనే బయటికి వచ్చేసినవారు సగటున 22 రోజుల్లో కోలుకున్నారు. ఆట కొనసాగించినవారికి 44 రోజులు పట్టింది. ఆ కాసేపు ఆడినందుకు మూడు వారాల ఆట పోయింది.

మరి పిల్లలు ఎందుకు చెప్పరు? 2004లో మిల్వాకీ ప్రాంతంలోని హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 1,532 మందిని సీజన్ ముగిశాక అడిగారు. 15 శాతం మంది ఆ సీజన్‌లో తమకు కంకషన్ అయిందన్నారు. వారిలో అప్పట్లో ఎవరికైనా చెప్పినవారు సగం కూడా లేరు, 47 శాతమే. చెప్పనివారిలో మూడింట రెండొంతుల మంది ‘అంత పెద్ద దెబ్బ అనుకోలేదు’ అన్నారు. 41 శాతం ‘ఆటలోంచి తీసేస్తారని’ అన్నారు. మూడోవంతుకు పైగా తమకు అయింది కంకషన్ అనే తెలియదు. ఈ ముగ్గురిలో ఎవరినీ ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. తెలియనివాడికి చెప్పాలి, భయపడేవాడికి జట్టులో చోటు ఎక్కడికీ పోదని కోచ్ నమ్మకం కలిగించాలి.

తిరిగి ఆటలోకి

కంకషన్ అయితే చీకటి గదిలో పడుకోబెట్టాలన్నది పాత మాట. ఇప్పుడు పూర్తి విశ్రాంతి వద్దంటున్నారు. మొదటి ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉంటూ, ఫోన్, టీవీ తగ్గిస్తే చాలు. తర్వాత నడక లాంటి తేలికపాటి కదలిక మొదలుపెట్టాలి. ముందు చదువు, తర్వాతే పోటీ ఆట. ఆటలోకి రావడం ఆరు మెట్లుగా ఉంటుంది, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణాలు బాగా ఎక్కువైతే ఆ రోజుకు ఆగాలి. గట్టిగా తగలడానికి వీలున్న సాధన మొదలుపెట్టేముందు లక్షణాలన్నీ పోయి, వైద్యుడి అనుమతి దొరకాలి. 2014 నుంచి అమెరికాలో 50 వేలకు పైగా కాలేజీ ఆటగాళ్లు, సైనిక క్యాడెట్లకు ముందు, తర్వాత పరీక్షలు చేస్తూ వచ్చిన ‘కేర్’ అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. రెండు వారాల్లో తగ్గకపోతే తేడా ఉందనుకునేవారు. నెల రోజుల దాకా పట్టడం మామూలేనని తేలింది.

మన దేశంలో పాఠశాలల ఆటలకు ఇలాంటి చట్టం లేదు. కబడ్డీలో రైడర్ మీద నలుగురైదుగురు పడినప్పుడు తల నేలకు కొట్టుకోవడం, ఫుట్‌బాల్‌లో తలలు ఢీకొనడం మన మైదానాల్లోనూ ఉన్నవే. చాలా స్కూళ్లలో ఉన్నది ఒక్క పీఈటీ. ఆయనకు కంప్యూటర్ పరీక్ష అక్కర్లేదు. వైద్య శిక్షణ లేనివారి కోసమే ‘కంకషన్ రికగ్నిషన్ టూల్’ అనే పత్రం ఉచితంగా దొరుకుతుంది. దెబ్బ తగిలిన పిల్లాడిని అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి పాయింట్ ఎవరు తెచ్చారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? గెలిచామా? ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ మాడ్డాక్స్ 1990ల్లో ఇలాంటి ప్రశ్నలు పరీక్షించి చూశారు. పేరు, పుట్టినతేదీ దిమ్మ తిరిగినవాడు కూడా చెప్పేస్తాడు, కాసేపటి కిందటి సంగతి దగ్గరే తడబడతాడు. అన్నీ సరిగ్గా చెప్పినా, ఏ కాస్త అనుమానం మిగిలినా ఆ రోజుకు ఆట చాలించాలి.

మొదటి కొన్ని గంటలు పిల్లాడిని ఒంటరిగా వదలొద్దు. బండి నడపనివ్వొద్దు. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, పదేపదే వాంతులైనా, మూర్ఛ వచ్చినా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కినా, మెడ బాగా నొప్పిపెట్టినా, మాట తడబడినా, మగతగా పడిపోతున్నా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.